కోడ్ గవాహీ ఇస్తుంది, ఫైసలా మనం చేయాలి



ఈసారి రాజకీయాలు లేవు, వక్ఫ్ బోర్డు లేదు, ఎన్నికలు లేవు. ఒక జానెడు రబ్బరు పైపు గురించి రాస్తున్నాను. ఆ పైపు మా ఖాందాన్‌తో అరవై రెండు వేల రూపాయలు ఖర్చు పెట్టించింది. డబ్బు పోయిందన్న బాధ ఎలాగూ ఉంది. అది పోవడంలో నా జిమ్మేదారీ కూడా ఉందన్నది అంతకన్నా పెద్ద బాధ. అందుకే రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా ఖాలా కొడుకు సీతాఫల్‌మండిలో ఉంటాడు. కిస్తుల మీద కొన్న డీజిల్ కారును క్యాబ్‌గా నడుపుతాడు. ఫజర్ నమాజ్ చదివి బండి తీస్తే ఇషా దాటాకే ఇల్లు చేరడం. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు, ఖాలాజాన్ షుగర్ మందులు, ఇంటి కిరాయి, అన్నీ ఆ నాలుగు చక్రాల మీదే. ఒకరోజు పాసింజర్‌ను ఎక్కించుకుని రైల్వే బ్రిడ్జి ఎక్కుతుంటే చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. పికప్ ఒక్కసారిగా పడిపోయింది. ఎంత తొక్కినా బండి నలభై దాటలేదు. పక్కకు ఆపి, ఆఫ్ చేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు మామూలుగా నడిచింది. రెండు రోజులకు మళ్లీ అదే తమాషా.

ఒక వర్క్‌షాప్‌కు తీసుకెళ్లాడు. స్కానర్ పెట్టారు. పి0234 అని కోడ్ వచ్చింది. టర్బో ఓవర్‌బూస్ట్ అని దాని అర్థం. "టర్బో పోయింది, మార్చాలి" అన్నారు. ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. వాడు నాకు ఫోన్ చేశాడు. "భాయ్‌జాన్, మీరు చదువుకున్నోళ్లు, ఏం చేయమంటారు?" నేను ఆ కోడ్‌ను ఫోన్‌లో వెతికాను. టర్బో అనే మాట కనిపించింది. సరే, వాళ్లు చెప్పింది నిజమే అనుకున్నాను. "మార్పించెయ్ బేటా, సగం నేనిస్తా" అన్నాను.

కొత్త టర్బో పడింది. తొమ్మిది రోజులు బండి బాగానే నడిచింది. పదో రోజు తార్నాక సిగ్నల్ దాటాక మళ్లీ అదే లైటు, అదే కోడు.

ఇరవై ఏళ్లుగా ఖబర్లు రాసేవాణ్ణి నేను. ఒక్కడు చెప్పిన మాట మీద ఖబర్ వేయకూడదని డెస్కులో కొత్తగా చేరిన పిల్లలకు చెబుతుంటాను. సూరా హుజురాత్‌లో ఆరో ఆయత్ గుర్తుచేస్తుంటాను, ఖబర్ తెచ్చినవాడి మాట పట్టుకుని దూకకండి, తహ్‌ఖీఖ్ చేసుకోండి, లేకుంటే తర్వాత పశ్చాత్తాపం తప్పదని. అలాంటి నేను ఒక తెర మీద ఐదు అక్షరాలు చూసి అరవై రెండు వేల ఫైసలా చేశాను. సీతాఫలం కొనేటప్పుడు కూడా మనం పండిందో లేదో నొక్కి చూస్తాం. సీతాఫల్‌మండి పేరు పెట్టుకున్న మొహల్లాలో ఉంటూ మావాడూ, పేపర్లో పనిచేస్తూ నేనూ, నొక్కి చూడకుండానే టర్బో కొన్నాం.

తర్వాత ఎవరో చెబితే గల్లీ లోపల ఉన్న ఒక చిన్న షెడ్డుకు వెళ్లాం. ఉస్తాద్‌కు అరవై దాటి ఉంటాయి. బానెట్ తెరవమనలేదు. స్టూల్ వేసి మావాణ్ణి కూర్చోబెట్టి సవాళ్లు మొదలుపెట్టాడు. ఎప్పుడు లైట్ పడుతుంది? ఎత్తు ఎక్కేటప్పుడా, చదునులోనా? బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేరులో? పొగ వస్తుందా? ఈలలాంటి చప్పుడు మారిందా? ఎవరైనా పికప్ పెంచడానికి రీమ్యాప్ చేశారా, ట్యూనింగ్ డబ్బా తగిలించారా? మావాడు కోడ్ చెరిపించుకుందామని అడిగితే ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మిటావ్ నక్కో. గవాహ్ కూ భగా దియే తో కేస్ కైసా చలేగా?" సాక్షిని తరిమేస్తే కేసు ఎలా నడుస్తుందని. ఈ వ్యాసం మొత్తానికి నాకు దొరికిన మాట అదే.

ఇక్కడ కొంచెం ఇంజిన్ సంగతి చెప్పాలి. కారు ఉన్న ప్రతి ఇంట్లో ఇది తెలిసి ఉండటం మంచిది.

ఇంజిన్ బయటికి వదిలే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. దాని ఇరుసుకే అవతలి వైపు ఇంకో చక్రం ఉండి, బయటి గాలిని పీల్చి ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. అదే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూచీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చిన్న కార్ల టర్బోలు నిమిషానికి లక్ష చుట్లు దాటి, కొన్ని రెండు లక్షల దాకా తిరుగుతాయి. ఆ వేగానికి లగాం ఉండాలి. లేకుంటే పొగ ఎక్కువయ్యే కొద్దీ గాలి ఎక్కువ, గాలి ఎక్కువయ్యే కొద్దీ పొగ ఎక్కువ. చాలా బళ్లలో ఆ లగాం పేరు వేస్ట్‌గేట్. చిన్న తలుపు. గాలి ఒత్తిడి హద్దుకు రాగానే అది తెరుచుకుని, కొంత పొగను చక్రం మీదికి పోనివ్వకుండా పక్కదారిన పంపేస్తుంది. ఆ తలుపును తోసేది యాక్చుయేటర్ అనే డబ్బా. ఆ డబ్బాకు "ఒత్తిడి పెరిగింది, తలుపు తెరువు" అనే ఖబర్ మోసేది ఒక సన్నని రబ్బరు పైపు.

ఇప్పుడు ఆలోచించండి. తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయినా ఓవర్‌బూస్టే. డబ్బాలోని పొర చిరిగినా ఓవర్‌బూస్టే. మధ్యలో సొలెనాయిడ్ ఉన్న బళ్లలో అది అడ్డుపడ్డా ఓవర్‌బూస్టే. రబ్బరు పైపు చిట్లి ఖబర్ దారిలోనే కారిపోయినా ఓవర్‌బూస్టే. ఇవేవీ లేకుండా, ఒత్తిడి కొలిచే సెన్సర్ తప్పుడు లెక్క చెప్పినా ఈసీయూ అదే కోడ్ రాస్తుంది. ఇంతమంది ముజ్రిమ్‌లకు ఒకటే కోడ్. పి0234 అన్నది "ఒత్తిడి హద్దు దాటినట్టు నేను చూశాను" అని చెప్పే గవాహ్. ఎవరు దాటించారో అది చూడలేదు.

బీపీ అర్థమైనవాళ్లకు ఇదీ అర్థమవుతుంది. మిషన్ నూట ఎనభై చూపిస్తే మంచి డాక్టర్ వెంటనే గుండె కోయడు. కాసేపు కూర్చోమంటాడు, పట్టీ సరిగ్గా కట్టామా చూస్తాడు, రెండో చేతికీ కట్టి చూస్తాడు, ఏ మందులు వాడుతున్నారని అడుగుతాడు. చార్మినార్ పక్కన నిజామియా టిబ్బీ ఆస్పత్రిలో మన పెద్దలు చూసిందీ అదే, ముందు నబ్జ్, తర్వాత నుస్ఖా. ఇంజిన్ విషయానికొచ్చేసరికి మాత్రం తష్‌ఖీస్ లేకుండానే ఇలాజ్ మొదలవుతుంది.

ఉస్తాద్ చేసిన తష్‌ఖీస్ వరుసగా చెబుతాను. మొదట తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే స్కానర్‌లో ఒత్తిడి చూశాడు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ సెన్సర్ బయటి గాలి ఒత్తిడినే చూపాలి. సముద్రమట్టం దగ్గర అది సుమారు 101 కిలోపాస్కల్. మన హైదరాబాద్ ఐదు వందల మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ 95 దరిదాపుల్లో ఉండాలి. మా బండిలో 95 చూపింది. అంటే ఆ క్షణానికి సెన్సర్ అబద్ధం ఆడటం లేదు. అక్కడ 110, 115 కనిపించి ఉంటే ముందు సెన్సర్‌నూ దాని వైర్లనూ పట్టుకోవాల్సింది. ఒక్క పైసా ఖర్చు లేని, రెండు నిమిషాల ఇంతెహాన్ ఇది. మొదటి వర్క్‌షాప్‌లో ఎవరూ చేయలేదు.

తర్వాత కోడ్‌తో పాటు బండి దాచుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ చదివాడు. కోడ్ పడిన క్షణంలో ఎన్ని ఆర్‌పీఎం, ఎంత లోడ్, ఎంత స్పీడ్ అన్నది అందులో ఉంటుంది. వారిదాత్ జరిగిన చోట తీసిన ఫోటో అనుకోండి. కోడ్ చెరిపేస్తే ఆ ఫోటో కూడా పోతుంది.

మూడోది నడిపి చూడటం. మావాడు స్టీరింగ్ దగ్గర, ఉస్తాద్ పక్క సీట్లో స్కానర్ పట్టుకుని, నేను వెనక. క్యాంపస్‌లోంచి ఆర్ట్స్ కాలేజీ ముందుగా అడిక్‌మెట్ ఫ్లైఓవర్ వైపు వెళ్లాం. తెర మీద రెండు లెక్కలు పక్కపక్కన నడుస్తున్నాయి. ఒకటి ఈసీయూ కోరుకుంటున్న ఒత్తిడి, ఇంకోటి నిజంగా వస్తున్నది. చదునులో రెండూ జంటగానే ఉన్నాయి. ఎత్తు ఎక్కుతుంటే కోరుకున్నది 200 దగ్గర ఆగింది, వచ్చింది 240కి ఎగిరింది. లైట్ వెలిగింది, పికప్ పడింది. ఈసీయూ డీజిల్ తగ్గించేసి ఇంజిన్ మీద రహమ్ చూపించిందన్నమాట. ఒత్తిడి ఇలా హద్దు దాటుతూ పోతే హెడ్ గాస్కెట్, పిస్టన్లు, చివరికి టర్బో ఇరుసు, అన్నీ ఖతరాలో పడతాయి. కాబట్టి కోడ్ చెరిపేసి నడుపుకుంటూ పోవడం కూడా తప్పే.

ఆ 200 లెక్కలోనూ ఒక మోసం ఉంది. స్కానర్ చూపేది బయటి గాలి ఒత్తిడి కూడా కలిపిన మొత్తం. బయటి 95 తీసేస్తే టర్బో కొట్టింది 105, అంటే కాస్త పైచిలుకు ఒక బార్. ఈ తేడా తెలియని కుర్రాడు 200 చూసి "రెండు బార్ బూస్ట్, టర్బో పిచ్చెక్కింది" అంటాడు. మంచి బండికి కూడా మర్జ్ అంటగడతాడు.

షెడ్డుకు తిరిగొచ్చాక ఉస్తాద్ చేతిపంపు తీసి యాక్చుయేటర్‌కు తగిలించి గాలి కొట్టాడు. కడ్డీ మెల్లగా కదిలింది, కొట్టిన గాలి నిలబడింది. డబ్బా బాగుంది, తలుపూ కదులుతోంది. ఇక మిగిలింది పైపు. విప్పి, ఒక చివర వేలితో మూసి, నీళ్లలో ముంచి ఊదాడు. క్లిప్పు కింద దాక్కున్న చీలికలోంచి బుడగలు వచ్చాయి. టర్బో మార్చినవాళ్లు పాత పైపునే కొత్త టర్బోకు గట్టిగా తోసి బిగించారు. తొమ్మిది రోజులు పట్టుకుంది, వేడికి మళ్లీ జారింది. నూనెకూ వేడికీ ఓర్చే పైపు ముక్క ఎనభై రూపాయలు.

పాత టర్బోను వర్క్‌షాప్ వాళ్లు అప్పుడే ఎక్స్‌ఛేంజ్ కింద ఉంచేసుకున్నారు. అది బాగుందో లేదో నేనిక ఎప్పటికీ తేల్చుకోలేను.

దీన్ని చదివి ప్రతి ఓవర్‌బూస్ట్‌కూ పైపే కారణమని అనుకోకండి. అది ఇంకో ముసీబత్ అవుతుంది. ఈ మధ్య డీజిళ్లలో చాలావాటికి వేస్ట్‌గేట్ ఉండదు, కదిలే రెక్కల టర్బో ఉంటుంది. చక్రం చుట్టూ ఉన్న సన్నని రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఒత్తిడిని అదుపు చేస్తాయి. మెట్టుగూడ, తార్నాక ట్రాఫిక్‌లో పాకుతూ నడిచే బండిలో మసి పేరుకుని ఆ రెక్కలు మూసుకున్న చోటే ఇరుక్కుంటే ఓవర్‌బూస్ట్ వస్తుంది. వాటిలో చాలావరకు వాక్యూంతో పనిచేస్తాయి కాబట్టి పైపు చిరిగితే ఒత్తిడి పెరగదు, తగ్గుతుంది. అప్పుడు వచ్చే కోడ్ సాధారణంగా పి0299. చూశారా, అదే పైపు, అదే చీలిక, ఒక బండికి హై బీపీ, ఇంకో బండికి లో బీపీ. నేనిక్కడ చెప్పింది చదివి పక్కింటివాళ్ల బండికి పైపు మార్చమంటే, ఫోన్‌లో కోడ్ వెతికి టర్బో మార్పించిన నాకూ మీకూ ఫరక్ ఉండదు. కొన్నిసార్లు టర్బో నిజంగానే పోతుంది కూడా. అన్నీ చూశాక ఆ ఫైసలాకు వస్తే మారాజులా మార్పించుకోండి.

ఇక అసలు మాట. మొదటి వర్క్‌షాప్ వాళ్లు బేయిమాన్లు అని తిట్టేసి ఊరుకోవడం చాలా ఆసాన్. నేనూ మొదట అదే చేశాను. ఉస్తాద్ ఒప్పుకోలేదు. వాళ్ల దగ్గర ఈ పని చేసే ఫుర్సత్ ఎక్కడిదన్నాడు. నాకు జవాబు చెప్పడానికి ముఖం లేకపోయింది. ఎందుకంటే పని అయ్యాక ఆయన "చెకింగ్‌కు ఆరొందలు, పైపు ఎనభై" అన్నప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట, "పైపే కదా ఉస్తాద్ మార్చింది?"

ఆయన ఏమీ అనలేదు. నన్ను ఒకసారి చూశాడంతే. మావాడు సిగ్గుపడి జేబులో చెయ్యి పెట్టాడు. వాడి చెయ్యి పట్టి ఆపి నేనిచ్చాను.

నా ఒక్కడి ఆదత్ కాదిది, మనందరిదీ. పార్టుకు అరవై వేలు అడిగితే అప్పు చేసి తెస్తాం. రెండు గంటలు బుర్ర పెట్టి మర్జ్ ఏమిటో పట్టుకున్నందుకు ఆరొందలు అడిగితే దోపిడీ అంటాం. అలాంటప్పుడు షెడ్డువాడు ఏం నేర్చుకుంటాడు? ఆలోచిస్తే డబ్బు రాదు, పార్టు మారిస్తేనే వస్తుందని నేర్చుకుంటాడు. ఆ పాఠం వాడికి నేర్పింది మనమే. తష్‌ఖీస్ కూడా మేహనతే, దాని ఉజ్రత్ హలాల్ కమాయీ. మనం దానికి ఇవ్వనన్నాళ్లూ పార్టుల రూపంలో నూరింతలు కడుతూనే ఉంటాం.

రెండో సంగతి మన పిల్లలది. ఈ ఊళ్లో మెకానిక్ పని మన బస్తీల రొట్టె. ఎన్ని ఇళ్లలో చదువు మానేసిన పిల్లవాణ్ణి ఉస్తాద్ చేతిలో పెట్టి "కామ్ సిఖా దో" అనలేదు? ఉస్తాద్, షాగిర్ద్‌ల సిల్‌సిలాలో చేతులకు హునర్ వచ్చింది. కార్బ్యురేటర్ కాలంలో ఆ చేతులు చాలాయి. ఇప్పుడు బండి మాట్లాడుతోంది, అదీ ఇంగ్లీషులో. కుర్రాడు తెర మీద టర్బో అనే మాటొక్కటి గుర్తుపట్టి టర్బో విప్పుతున్నాడు. వాడికి తెలివి తక్కువై కాదు. అబ్సల్యూట్ ప్రెషర్‌కూ గేజ్ ప్రెషర్‌కూ తేడా వాడికి వాడి జుబాన్‌లో ఎవరూ చెప్పలేదు.

నేను స్కూల్లో సైన్స్ ఉర్దూలో చదివాను. ప్రెషర్‌ను దబావ్ అని నేర్చుకున్నాను, తర్వాత తెలుగు డిగ్రీకి వచ్చాక పీడనం అన్నాను. దబావ్ అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది కాబట్టి ఉస్తాద్ 95 తీసేసి 105 అన్నప్పుడు వెంటనే అర్థమైంది. మేము టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లిన ఆ క్యాంపస్ కథ కూడా ఇదే కదా. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ పై చదువులన్నీ ఉర్దూలో చెప్పింది. దానికోసం 1917లోనే దారుత్తర్జుమా పెట్టి, సైన్స్ కితాబులు తర్జుమా చేయించి, లేని మాటలకు కొత్త మాటలు పుట్టించారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి నాజిమ్‌గా పనిచేశారు. 1948 తర్వాత ఆ బాట మారింది. తిరిగి ఆ రోజులే రావాలని నేను అనడం లేదు, ఇంగ్లీషు రావాల్సిందే. కానీ యూనివర్సిటీ గోడకు నాలుగడుగుల దూరంలో ఉన్న షెడ్డులోని షాగిర్ద్‌కు తన తెర మీది లెక్క ఏమిటో తన మాటలో తెలియకపోవడం ఏ తరక్కీ?

దీనికి కరోడ్లు అక్కర్లేదు. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీకి ఉర్దూ మీడియంలో పాలిటెక్నిక్ ఉంది. టెన్త్ పాసైన పిల్లవాణ్ణి నేరుగా షెడ్డుకు పంపే ముందు ఆ రస్తా కూడా కనుక్కోండి. షెడ్డులో ఉన్నవాళ్ల కోసం మొహల్లా కమిటీలు నెలకో ఆదివారం, అసర్ నుంచి మగ్రిబ్ దాకా, ఇంజినీరింగ్ చదివిన మన పిల్లల్నీ పాత ఉస్తాదుల్నీ ఒకచోట కూర్చోబెట్టవచ్చు. వీళ్ల దగ్గర ఇల్మ్ ఉంది, వాళ్ల దగ్గర చెయ్యి ఉంది. రెండూ కలిస్తేనే తష్‌ఖీస్.

"పాత ఉస్తాదులకు స్కానర్ అవసరమేముంది, చెవితో వినే చెప్పేవాళ్లు" అనేవాళ్లున్నారు. నేను చూసిన ఉస్తాద్ చెవితో విన్నాడు, స్కానర్ కూడా చదివాడు, చేతిపంపుతో సాబిత్ కూడా చేశాడు. మూడు గవాహీలు కలిశాకే స్పానర్ పట్టాడు.

మీ ఇంట్లో ఎవరి బండికైనా ఈ లైట్ పడితే నా గుజారిష్ ఇది. కోడ్ చెరిపించకండి, రాసుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఏ గేరులో అన్నది డ్రైవరే రాసుకోవాలి. "టర్బో పోయింది" అంటే "ఎలా తెలిసింది?" అని అదబ్‌తో అడగండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఒత్తిడి ఎంత చూపింది, నడిపినప్పుడు కోరింది ఎంత, వచ్చింది ఎంత, యాక్చుయేటర్‌కు గాలి కొట్టి చూశారా అని అడగండి. విప్పిన పార్టు మీ అమానత్, దాన్ని చూపించమనండి. చెకింగ్ ఫీజు ఎంతో ముందే మాట్లాడుకుని, బేరమాడకుండా ఇవ్వండి.

మావాడు ఇప్పుడు డాష్‌బోర్డులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాడు. బండి బాగానే నడుస్తోంది, అల్హమ్‌దులిల్లాహ్. టర్బో కోసం తెచ్చిన అప్పులో వాడి సగం ఇంకా నాలుగు కిస్తులు మిగిలాయి. కిస్తు తేదీన వాడు నాకేమీ చెప్పడు. నాకు మాత్రం ఆ తేదీ గుర్తుంటుంది.

ఖుదా హాఫిజ్.